రోగి చిరునామా

ఆసుపత్రిలో చీటీ రాసేటప్పుడు పేరు, వయసు తరవాత చిరునామా అడుగుతారు. మందులు మొదలయ్యాక దాని వంక మళ్లీ చూసేవారు అరుదు. రోగం ఎక్కడ అంటుకుందో, ఇంటికి వెళ్లాక తిరగబెడుతుందో లేదో చాలాసార్లు చెప్పగలిగేది ఆ చిరునామాయే. నగరవాసి ఆరోగ్యం చాలావరకు అతడుండే బస్తీలోనే నిలబడుతుంది, అక్కడే చెడుతుంది. వైద్యం చేతికందడం కూడా బస్తీని బట్టే ఉంటుంది. కనుక నల్లాకూ మోరీకీ పెట్టే ఖర్చును వైద్యపు ఖర్చుగానే లెక్కకట్టాలన్నది నా వాదన. ఉదాహరణకు హైదరాబాద్‌నే తీసుకుంటాను.

ఈ ఎరుక ఈ నగరానికి కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద, ఆపైన 1911లో ప్లేగు నగరాన్ని కుదిపేశాక, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పరచింది. ఇరుకు వాడలను విప్పి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించడం దాని పనుల్లో ఒకటి. వరద తరవాత ఇంజినీరు విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపిన ఆ జలాశయాలే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. వందేళ్ల తరవాత కూడా ఆ పాఠం అన్ని గల్లీలకూ చేరలేదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్లు తాగి జనం కలరా పాలయ్యారు, పదిమందికి పైగా చనిపోయారు. నీళ్లు రోజు విడిచి రోజు వదిలేచోట, మధ్య గంటల్లో గొట్టం ఖాళీగా ఉంటుంది. లోపల ఒత్తిడి లేనప్పుడు, మోరీ పక్కనుంచి పోయే పాత గొట్టం ప్రతి పగులు గుండా మురుగును లోపలికి లాగుతుంది. నీళ్లు రాని రోజు కోసం డ్రమ్ముల్లో పట్టి ఉంచితే, మూతలేని ఆ డ్రమ్ముల్లోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. కలరాకూ డెంగీకీ మందులు వేరు. ఇలాంటి బస్తీలో రెండింటికీ దారి తీసేది మాత్రం ఒకే నీటి సరఫరా.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం సహేతుకమైనదే: చికిత్సకు మార్గాలున్నాయి కదా? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి పెద్ద ఆపరేషన్లను అందుబాటులోకి తెచ్చింది. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు డాక్టరును గల్లీ దగ్గరికే తెచ్చాయి. ఈ రెండూ మేలైన పనులే. కానీ ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బులకు అక్కరకొస్తుంది. బీపీ, షుగర్లు ముదరకుండా చూసుకోవడమన్నది బస్తీలో నెలనెలా సాగాల్సిన పని. దవాఖానా పగటిపూట తెరిచి ఉంటుంది, అడ్డా కూలీ, ఇళ్లలో పనిచేసే మనిషి పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. ఆ వేళకు తెరిచి ఉండేది ఆర్‌ఎంపీ గది, మందుల షాపు. డాక్టరు దగ్గరున్నా, ఒక రోజు కూలీ పోగొట్టుకుంటే తప్ప చూపించుకోలేనివాడికి ఆ డాక్టరు దూరమే. వైద్యం అవసరం ఎక్కువున్నచోటే అది తక్కువగా అందుతుందని వేల్స్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశాడు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. పేదరికం, అలవాట్లే రోగానికి కారణం; పేదలు చవక బస్తీలకు చేరతారు కాబట్టి బస్తీ మీద నింద పడుతోంది అంటారు కొందరు. దీన్ని తేల్చడం కష్టం, ఎందుకంటే ఎవరు ఎక్కడ ఉండాలో చీటీలు వేసి నిర్ణయించలేం. అమెరికాలో దాదాపు అలాంటి పనే జరిగింది. 1994 నుంచి 1998 దాకా ఐదు నగరాల్లో, బీద వాడల్లోని ప్రభుత్వ గృహాల్లో ఉండే కుటుంబాల్లో కొన్నింటికి లాటరీ ద్వారా పేదరికం తక్కువ ఉన్న వాడలకు మారే అవకాశం ఇచ్చారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ అవకాశం దక్కిన స్త్రీలలో తీవ్రమైన ఊబకాయం, మధుమేహం కొంత తగ్గాయి. తగ్గుదల పెద్దది కాదు, అన్ని జబ్బులూ మాయం కాలేదు. అయినా అవకాశం ఇచ్చింది లాటరీ కనుక, చోటుకు దానిదైన బలం ఉందని ఒప్పుకోక తప్పదు. అలవాట్ల మాటా కాదనను. నీళ్లు కాచుకోమని చెప్పడం మంచిదే, కాచుకోవడానికి గ్యాస్ కావాలి. ఎవరి డ్రమ్ముకు వారు మూత పెట్టుకున్నా పొరుగింటి దోమ రాక మానదు.

కాబట్టి చిరునామాను చీటీలో వదిలేయకుండా పనిలో పెట్టాలి. ఒక బస్తీ నుంచి వాంతులు, విరేచనాల కేసులు వరసగా వస్తే, ఆ లెక్క అదే రోజు జలమండలికి చేరాలి. గొట్టం పరీక్షించారో లేదో జవాబు దవాఖానాకు తిరిగి రావాలి. దవాఖానా వేళలు కూలీవాళ్లు ఇంటికొచ్చే వేళకు జరగాలి. బస్తీ బాగుపడితే అద్దెలు పెరిగి పేదలే వెళ్లగొట్టబడతారన్న భయం నిజమైనదే. అందుకే ఉన్నవారికి పట్టా, అద్దెకున్నవారికి రక్షణ ఆ పనులకన్నా ముందే రావాలి. ఇదంతా వైద్యశాఖ ఒక్కటే చేయలేదు. కానీ ఏ గల్లీలో గొట్టం పగిలిందో రోగుల ద్వారా ముందుగా తెలిసేది ఆ శాఖకే. తెలిసిన సంగతిని చెప్పడం, జవాబు అడగడం కూడా వైద్యంలో భాగమే.