టెరిటోరియల్ ఆర్మీలో పనిచేస్తే మాజీ సైనికులమేనా?
(నాచారంలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక ఎక్కి మాట్లాడే అలవాటు నాకు లేదు. ముప్పై ఆరేళ్లు గుమస్తాగిరీ చేసినవాణ్ణి. ఫైలు మీద నోటు రాయమంటే రాస్తాను. ఈ ప్రసంగాన్ని కూడా అలాంటి నోటే అనుకోండి.

1974లో, ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడాది, నేను టెరిటోరియల్ ఆర్మీలో చేరాను. మన దేశంలో 1948 చట్టంతో ఏర్పడిన సేన అది. 1949 అక్టోబరు 9న రాజాజీ దానిని ప్రారంభించారు. వేరే ఉద్యోగమో, సొంత సంపాదనో ఉన్నవారే అందులో చేరాలి. ఏటా క్యాంపుకు వెళ్లి శిక్షణ పొందాలి, దేశానికి అవసరమైతే పిలుపు రాగానే కదలాలి. 1962, 1965, 1971 యుద్ధాల్లో ఆ దళాలను పిలిచారు. నా కాలంలో మాత్రం క్యాంపులే తప్ప పిలుపు రాలేదు. 1982లో డిశ్చార్జి పుస్తకం చేతికిచ్చి పంపారు.

1997లో మా అమ్మాయి కాలేజీ దరఖాస్తులో 'మాజీ సైనికుల సంతానం' అన్న గడిలో గర్వంగా టిక్కు పెట్టాను. కౌంటరులో ఉన్న కుర్రవాడు నా పుస్తకం తిరగేసి, "ఇది చెల్లదండీ" అన్నాడు. అమ్మాయి పక్కనే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి రూల్సు తెప్పించుకుని చదివితే అతనన్నదే నిజం. ఎందరి సర్వీసు రిజిస్టర్లో సరిచూసిన నేను, నా రిజిస్టరు మాత్రం చదువుకోలేదు!

అసలు విషయం ఇది. టెరిటోరియల్ ఆర్మీలో సభ్యత్వం వేరు, 'ఎంబాడీడ్' సర్వీసు వేరు. పిలిపించి, పూర్తికాలం విధుల్లో ఉంచిన కాలమే ఎంబాడీడ్ సర్వీసు. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఈ సేనలో మూడు తరగతులవారే మాజీ సైనికులు: ఎంబాడీడ్ సర్వీసుకు పెన్షను పొందేవారు, సైనిక విధుల కారణంగా వైకల్యం పొందినవారు, శౌర్య పతకాలు పొందినవారు. పెన్షనుకు జవాన్లకు పదిహేనేళ్లు, ఆఫీసర్లకు ఇరవై ఏళ్లు ఎంబాడీడ్ సర్వీసు ఉండాలి. అది ఒకే బిగిని ఉండనక్కర లేదు. విడతలు కలుపుకోవచ్చు, కాని మధ్యలో ఇంటి దగ్గరున్న కాలం లెక్కకు రాదు. ఎన్.సి.సి. కేడెట్లుగా ఉన్నవారికి కూడా దానివల్ల మాజీ సైనికుల హోదా రాదు.

అలాగని ఒక గుమస్తా 'కుదరదు' అనగానే లేచి రాకండి. ఎకలాజికల్ బెటాలియన్‌లో పనిచేస్తూ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న పానీరామ్ అనే జవానుకు వైకల్య పెన్షను రాదన్నారు. ఆయన పోరాడారు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయనకు అర్హత ఉందని తీర్పిచ్చింది. చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్న హామీపత్రం కూడా ఆ హక్కుకు అడ్డు రాలేదు.

మా వీధిలో ఒక అమ్మగారున్నారు. ఆమె భర్త ఈ సేనలోనే చేసి కాలం చేశారు. మొన్న ట్రంకుపెట్టెలోని డిశ్చార్జి పుస్తకం తెచ్చి, "అన్నయ్యగారూ, ఇందులో నాకేమైనా వస్తుందా చూడండి" అన్నారు. ఇద్దరం కూర్చుని విడతలు కూడాము. పదమూడేళ్ల పైచిలుకు తేలింది. ఒక విడతకు మొదలైన తేదీ ఉంది, ముగిసిన తేదీ లేదు. ఆ ఒక్క తేదీ మీదే ఆమె పెన్షను ఆధారపడి ఉంది. రికార్డు ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో రాశాం. జవాబు కోసం ఎదురుచూస్తున్నాం. ఆయన బతికుండగా ఆ పుస్తకం ఒకసారి చూసుకుని ఉంటే, ఆ తేదీ ఆయనే చెప్పేవారు.

అందుచేత నా మనవి ఒక్కటే. మీలో ఎవరైనా, మీ బంధువులెవరైనా ఈ సేనలో పనిచేసి ఉంటే, ఇవాళే ఆ పుస్తకం బయటకు తీయండి. ప్రతి విడతకూ రెండు తేదీలు ఉన్నాయో లేదో చూడండి. జిరాక్సు తీయించి భార్యకో, పిల్లలకో చెప్పి ఉంచండి. సందేహముంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. లెక్కలు కూడడానికి మనిషి కావాలంటే, నేను నాచారంలోనే ఉన్నాను.

నా మట్టుకు నాకు రావలసింది ఏమీ లేదు. ఆ క్యాంపుల్లో నేర్చుకున్న వేకువజామున లేచే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. అదే నా పెన్షను.