గోతిలో ఉన్నవాని కొరకు రాజుతో మాట్లాడిన కూషీయుడు

ధ్యాన భాగము: యిర్మీయా 38:7-13



బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించిన దినములవి. పట్టణములో రొట్టె కరువైపోతున్నది. దేవుని మాట ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు అధిపతులు యిర్మీయాను త్రాళ్ళతో ఒక గోతిలోనికి దింపారు. అందులో నీళ్ళు లేవు, బురద మాత్రమే. ఆ బురదలో ప్రవక్త దిగబడిపోతున్నాడు. అప్పుడు ఒక్క మనిషి కదిలాడు. అతడు యాజకుడు కాడు, యూదుడు కూడా కాడు. రాజనగరులో పనిచేసే పరదేశి, కూషీయుడైన ఎబెద్మెలెకు. బెన్యామీను ద్వారమున కూర్చున్న సిద్కియా రాజు దగ్గరకు తిన్నగా వెళ్ళి, వీరు చేసినది తప్పు, అతడు ఆకలితో చచ్చిపోతాడు అని చెప్పాడు.

ఈ కూషు ఎక్కడిది? ఐగుప్తుకు దక్షిణాన, నైలు నది వెంబడి ఉన్న ప్రాచీన దేశము. నేటి సూడాన్ ఉత్తర భాగము ఆ దేశములోనిదే. ఆనాడు ఆ ప్రాంతపు మనిషి పరాయివాని కొరకు ప్రభుత్వమును అడిగాడు. ఈనాడు ఆ ప్రాంతపు జనమే గోతిలో ఉన్నారు. వారి కొరకు ఎవరు అడుగుతారు?

ఒక సంగతి చెప్పనివ్వండి. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుకొనుటకు సూడాన్ యువకులు ఎన్నో ఏళ్ళుగా మన నగరానికి వస్తున్నారు. హబ్సిగూడలో, రామంతాపూర్‌లో బస్సు ఎక్కితే మీ ప్రక్కనే కూర్చొని ఉంటారు. 2023లో మా సంఘములోని ఒక అక్క నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మా మేడ మీద గదిలో సూడాన్ బాబు అద్దెకున్నాడు. మూడు వారాలైందట, వాళ్ళమ్మ ఫోను కలవడం లేదు. అన్నం కూడా సరిగా తినడం లేదండీ. మనమేమి చేయగలము?" అన్నది.

దేవుని బిడ్డలారా, నేను సిగ్గుపడ్డాను. ఆ దేశములో 2023 ఏప్రిల్ 15న సైన్యమునకు, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళమునకు మధ్య యుద్ధము మొదలైనప్పుడు మేము ఉపవాసముండి ప్రార్థించాము. ఎందుకు? అక్కడ మన భారతీయులు ఉన్నారు గనుక. ప్రభుత్వము కదిలింది. ఆపరేషన్ కావేరి పేరుతో నౌకలు, విమానాలు పంపి 3,862 మందిని క్షేమముగా తెచ్చింది. దేవునికి స్తోత్రము! ఆ పని చేసినవారిని మెచ్చుకోవలసినదే. అయితే చివరి విమానము దిగగానే మా ప్రార్థన కూడా ఆగిపోయింది. ఆ తల్లి ఇంకా అక్కడే ఉన్నది.

తరువాత ఏమి జరిగినదో వినండి. కోటిమందికి పైగా ఇల్లు విడిచిపోయారు. 2024 ఆగస్టులో జంజం శరణార్థి శిబిరములో కరువు ఉన్నదని నిర్ధారించారు. ఆ ప్రక్కనున్న ఎల్‌ఫాషర్ పట్టణము 2024 మే నుండి ముట్టడిలో చిక్కుకున్నది. ముట్టడి ఆపమని 2024 జూన్ 13న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి తీర్మానము చేసినా ఆగలేదు. జనము పశువుల దాణా తిని ప్రాణము నిలుపుకున్నారు. 2025 అక్టోబరు 26న ఆ పట్టణము ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి చిక్కి, ఎందరో పౌరులు హతులయ్యారు. యెరూషలేములో రొట్టె అయిపోయిన దినములు మనకు కథ. వారికి నిన్నటి దినము.

"పాస్టరుగారూ, ప్రసంగములో రాజకీయాలెందుకు?" అని మీలో ఒకరు అడుగవచ్చు. మంచి ప్రశ్న. ఎబెద్మెలెకు ఏ పక్షము తీసుకున్నాడు? యుద్ధములో ఎవరు గెలవాలో అతడు చెప్పలేదు. చచ్చిపోతున్న మనిషిని పైకి తీయనివ్వమన్నాడు. రాజు అతనికి ముప్పదిమంది మనుష్యులనిచ్చాడు. చూడండి, తన జాలి ఒక్కటే చాలదని అతనికి తెలుసు. రాజు సెలవు లేనిదే ఆ గోతి దగ్గర ఎవరూ త్రాడు వేయలేరు. ప్రార్థించే నోటితోనే రాజును అడిగితే తప్పేమీ లేదు.

సూడాన్‌కు మన దేశము ఋణపడి కూడా ఉన్నది. 1953లో ఆ దేశపు మొదటి ఎన్నికలను జరిపించింది మన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు. రెండవ ప్రపంచ యుద్ధములో సూడాన్ కొరకు ప్రాణమిచ్చిన భారత సైనికుల జ్ఞాపకార్థము ఆ దేశము ధనమిచ్చింది. ఖడక్‌వాస్లాలో మన సైనికాధికారులు శిక్షణ పొందే అకాడమీ ప్రధాన భవనమునకు అందుకే సూడాన్ బ్లాక్ అని పేరు.

కాబట్టి మూడు మనవులు చేద్దాము. ఒకటి, ఆ యుద్ధము చేసేవారి మీద పలుకుబడి గల గల్ఫ్ దేశాలతో, ఐగుప్తుతో మన ప్రభుత్వమునకు స్నేహమున్నది. ఆయుధాలు ఆపండి, అన్నపు లారీలకు దారి విడువండి అని వారితో గట్టిగా చెప్పాలి. రెండు, 2022లో పాకిస్తాన్ మీదుగా సైతము అఫ్ఘానిస్తాన్‌కు గోధుమలు పంపిన దేశము మనది. అలాగే సూడాన్‌కు ధాన్యము, మందులు ధారాళముగా పంపాలి. మూడు, ఇక్కడ చిక్కుబడిన సూడాన్ విద్యార్థుల వీసా, ఫీజుల విషయములో దయ చూపాలి.

మీ పార్లమెంటు సభ్యునికి ఒక ఉత్తరము వ్రాయండి. రామంతాపూర్, ఉప్పల్ వారికి మల్కాజిగిరి సభ్యుడు. మర్యాదగా, మీ సంతకముతో, ఒక్క పేజీ చాలు. లూకా 18లోని విధవరాలికి పలుకుబడి లేదు, డబ్బు లేదు. మాటిమాటికి వెళ్ళి అడగడమే ఆమెకు తెలుసు.

ఇంకొక్క మాట. త్రాళ్ళు వేయకముందు ఎబెద్మెలెకు పాత బట్టలు, చింకి గుడ్డలు వెదకి తెచ్చాడు. త్రాడు ఒరిసి యిర్మీయా చంకలు నొచ్చకుండా వాటిని పెట్టుకోమన్నాడు. ముప్పదిమందిని ఇవ్వడము రాజు పని. ఆ గుడ్డలు తేవడము మన పని. ఆ అక్క ఆ నెల అద్దె అడుగలేదు. రాత్రి భోజనము పైకి పంపించింది. మీ వీధిలో అలాంటి గది ఉన్నదేమో చూడండి. అతని మతమేమిటని ముందు అడుగకండి. దెబ్బలు తిన్నవానిని మంచి సమరయుడు ఆ ప్రశ్న అడుగలేదు.

పట్టణము కూలిన దినమున దేవుడు ఎబెద్మెలెకును మరచిపోలేదు. యిర్మీయా 39వ అధ్యాయము చివర చదవండి. అతని ప్రాణమును కాపాడతానని ఆయన పేరు పెట్టి మాట ఇచ్చాడు.

ప్రార్థించుకుందాము. ప్రభువా, మా వారి కొరకు మాత్రమే తెరుచుకున్న మా నోళ్ళను క్షమించుము. మమ్మును ఏలువారికి కనికరమును, ధైర్యమును దయచేయుము. ఫోను కలవని తల్లులను, ఎదురుచూచే బిడ్డలను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.