వార్ధక్యమున ఆదరువు
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయపు అరుగుమీద ఇరువది యైదేండ్లుగా పత్రికలు చదువుచున్న పెద్దలు నేడు ముందు వరుసలో కూర్చున్నారు. వారినిగూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను. నేను పల్లెలలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి విరమించినవాడను.

మన పడమటి కర్నూలు సీమ స్థితి మీరెఱుగనిది కాదు. వానలు మొగము చాటువేసిన యేట ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతముల కుటుంబములు గుంటూరు మిరప చేలకును, తెలంగాణ ప్రత్తి చేలకును సుగ్గికి పోవును. ఇంట మిగులువారు ముసలివారును, బడిపిల్లలును. వారికి జొన్నరొట్టె చేసి పెట్టువారెవరు? వేళకు మందిచ్చువారెవరు? 2024 జూలైనుండి వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను వచ్చుచున్న మాట నిజమే. కాని రూపాయలు గంజి కాచి పోయవు గదా!

ప్రభుత్వము ఊరకుండలేదు. 1999లో వయోవృద్ధుల జాతీయ విధానమును ప్రకటించినది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. 60 ఏండ్లు నిండి, తమ్ము తాము పోషించుకొనలేని వృద్ధులు బిడ్డలనుండి మనోవర్తి కోరుచు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. పోషింపవలెనను షరతుతో ఆస్తి వ్రాసియిచ్చిన పిదప బిడ్డలు మాట తప్పినచో, ఆ దస్తావేజును రద్దు చేయించుకొనవచ్చును. ప్రభుత్వాసుపత్రులలో వృద్ధులకు వేఱు వరుస యుండవలెనని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది. 2010లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమము మొదలైనది. మంచము పట్టినవారిని ఇంటికే పోయి చూడవలెనని దాని ఆశయము.

ఇవన్నియు ఉద్యోగములో నుండగా నాకు తెలియునా? నిజము చెప్పుచున్నాను, తెలియవు. నాతో పనిచేసిన పెక్కుమందికిని పింఛను సంగతి తెలియును గాని, చట్టము సంగతి తెలియదు. గర్భిణులకును, శిశువులకును మా రిజిస్టరులో గడులుండెను. ముసలివారికి గడి లేకుండెను. ఒక అవ్వ, "చూపు ఆనుట లేదు నాయనా" అని నన్నడిగినది. "వయసు మీదపడినది గదా, ఓర్చుకో అవ్వా" అంటిని. శుక్లములకు ఉచితముగా శస్త్రచికిత్స చేయు అంధత్వ నివారణ కార్యక్రమము 1976నుండియు కలదు. అది తెలిసియుండియు నాకు తోచలేదు. మరుసటి యేడు ఆమె గడప దాటుచు పడి తుంటి విఱుగగొట్టుకొని, మరల లేవలేదు. నా తప్పు అజ్ఞానము మాత్రమే కాదు. ముసలితనమును రోగముగా, రోగమును విధిగా ఎంచిన నా మనస్తత్వము.

కావున నా విన్నపములు మూడు. ఈ చట్టపు తెలుగు ప్రతిని మన గ్రంథాలయములో ఉంచి, నెలకొక సాయంకాలము చదివి వినిపింపుడు. ఆ సభకు మన ఆశా కార్యకర్తలను, నర్సులను పిలువుడు. సుగ్గికి పోవు కుటుంబములు, ఇంటనున్న పెద్దల పేర్లను పోకమునుపే వారికి చెప్పి పోవలెను. వృద్ధుల సహాయమునకు 14567 అను టెలిఫోను సంఖ్య కలదు; దానిని ఈ గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

1938లో ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిరి. కష్టమును పదిమంది పంచుకొనుట మన సీమకు క్రొత్త గాదు. నేడు మనము పెద్దలకు వేయు పీటమీదనే రేపు మనము కూర్చుందుము.