బొమ్మ ఎవరిది, వాటా ఎవరిది?

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘంలో కొందరు మిత్రులు ఒక ఆలోచన చెప్పారు. డ్రాయింగు మాస్టారు గీసిన బొమ్మలను స్కాన్ చేసి, ఎన్‌ఎఫ్‌టీలుగా మార్చి, వాటాలు చేసి మనందరికీ అమ్మితే బడి నిధికి డబ్బు వస్తుందని. ఉద్దేశం మంచిదే. కంప్యూటర్ల పనిలో ఉన్నవాణ్ణి కదా అని, ఇందులో లోగుట్టు చెప్పమని నన్ను పిలిచారు.

ఎన్‌ఎఫ్‌టీ అంటే బొమ్మ కాదు. ఫలానా నంబరు టోకెన్ ఫలానా ఖాతాలో ఉందని బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాలో రాసిన పద్దు. చాలాసార్లు బొమ్మ ఫైలు వేరే చోట ఉంటుంది, చిట్టాలో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. వాటాలు చేయాలంటే ఆ టోకెన్‌ను స్మార్ట్ కాంట్రాక్టు అనే ప్రోగ్రాములో తాళం వేసినట్టు ఉంచి, దాని మీద చిన్న చిన్న టోకెన్లు విడుదల చేస్తారు. వాటిని ఎవరైనా కొనొచ్చు, అమ్మొచ్చు.

జపాన్‌లో అత్సుకో సాతో అనే బాలబడి టీచరు 2010లో తన పెంపుడు కుక్క కబోసును ఫొటో తీశారు. అదే ‘డోజ్’ మీమ్‌గా ప్రపంచమంతా తిరిగింది. 2021 జూన్‌లో దాని ఎన్‌ఎఫ్‌టీని ప్లీజర్‌డావో అనే బృందం సుమారు 40 లక్షల డాలర్లకు కొన్నది. ఆ సెప్టెంబరులో దాన్ని దాదాపు 1,697 కోట్ల ముక్కలు చేసి, కొన్నిటిని అమ్మకానికి పెట్టింది. ముక్క కొన్నవారికి దక్కింది ఆ టోకెన్ ధరలో వాటా. ఫొటోను మాత్రం పైసా ఇవ్వకుండా ఎవరైనా చూడొచ్చు.

ఇప్పుడు మన సంగతి. మాస్టారు సొంతంగా గీసిన బొమ్మల కాపీరైటు మాస్టారిదే. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం, ఆయన కాగితం మీద రాసి సంతకం చేస్తేనే అది ఇంకొకరికి బదిలీ అవుతుంది. బొమ్మ మన గోడకు వేలాడుతున్నంత మాత్రాన హక్కు మనది కాదు.

మళ్లీ అమ్మినప్పుడల్లా చిత్రకారుడికి రాయల్టీ వస్తుందని కూడా చెబుతారు. కానీ పెద్ద సంత అయిన ఓపెన్‌సీ, దాన్ని తప్పనిసరి చేయడం మానేస్తున్నామని 2023 ఆగస్టులో ప్రకటించింది. ఇక అది అమ్మేవారి ఇష్టం. పన్ను కూడా ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి టోకెన్ల లాభంపై 30 శాతం కట్టాలి. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో సర్దుకోనివ్వరు.

వీటన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది మరొకటి. టోకెన్‌కు ధర పలకడం మొదలైతే, అభిమానంతో కొన్నవాడు కూడా రోజూ ఆ ధరే చూసుకుంటాడు. అది పడిపోయిన రోజు మాస్టారి బొమ్మలకు విలువ లేదని నలుగురూ అనుకుంటారు. నలభై ఏళ్లు మన చేత గీతలు గీయించిన మనిషికి అలాంటి మాట రానివ్వకూడదు.

అందుకని నా మనవి. మాస్టారు ఈ సభలోనే ముందు వరుసలో ఉన్నారు. ముందుగా ఆయన్ని అడుగుదాం. ఏ బొమ్మలు ఇస్తారో, ఆయనకెంతో, బడికెంతో కాగితం మీద రాసుకుందాం. తర్వాత మంచి ప్రింట్లు తీయించి, ఆయన సంతకంతో మనమే కొనుక్కుందాం. టోకెన్ల ముచ్చట ఇంకా ఉంటే, ఆ ఒప్పందం చేతిలో పెట్టుకుని అప్పుడు మాట్లాడుకుందాం. ఆ ప్రోగ్రాము పని నేను ఉచితంగా చేసిపెడతాను.