తుపాకి ఎంపిక – ఒక గుమాస్తా సలహా

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి కరువు భత్యం బకాయిల మీద మాట్లాడిన నేను ఈసారి తుపాకి గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ఖంగు తిన్నారు. "మన బోరబండలో తుపాకి ఎవరికి కావాలండీ?" అన్నారు. ఎవరికీ అక్కర్లేదు. కాని మన సభ్యుల్లో చాలామంది పిల్లలు ఇక్కడికి ఒక్క స్టేషను దూరంలో ఉన్న హైటెక్ సిటీ మీదుగా అమెరికా చేరినవారే. వాళ్ళ పిల్లలకు అక్కడి సరదాలు అబ్బాయి. టెక్సాస్‌లో పుట్టి పెరిగిన మా మనవడు, ఇరవై నాలుగేళ్ళవాడు, ఓ రాత్రి ఫోన్ చేసి "తాతా, నువ్వు తుపాకుల ఆఫీసులో పనిచేశావు కదా, నాకొకటి ఎంచిపెట్టు" అన్నాడు.

నేను చేసింది ఒక జిల్లా కలెక్టరేటులో ఆయుధ లైసెన్సుల సీటు. తుపాకులు పట్టుకున్నది తక్కువ, వాటి నంబర్లు రిజిస్టరులో ఎక్కించింది ఎక్కువ. అయినా మనవడు అడిగితే తాత తెలియదంటాడా? నాలుగు నెలలు చదివాను, ఆ తర్వాత అక్కడికి వెళ్ళినప్పుడు చూశాను కూడా.

వాడు కోరింది చిత్రమైన వస్తువు. వేటకు వాడే పిస్తోలు, ఒకసారికి ఒకే తూటా, గొట్టం మాత్రం ఊడదీసి మరోటి తగిలించుకోవచ్చు. వీటిలో పేరు పడ్డది థాంప్సన్ సెంటర్ కంపెనీ వారి కంటెండర్. వారెన్ సెంటర్ అనే ఆయన రూపొందించగా 1967లో బజారుకు వచ్చింది. మన నాటు ఒంటిగొట్టం తుపాకిలాగే నడుము దగ్గర విరుస్తాం, తూటా పెడతాం, మూస్తాం. గొట్టం కింది చెక్క విప్పి, తలుపు బందుకు ఉండే మేకులాంటి ఇనుప కడ్డీని ఒకదాన్ని తోసేస్తే గొట్టం చేతికి వస్తుంది. అదే పిడికి ఈ పూట 22 బోరు, రేపు 30-30 గొట్టం తగిలించవచ్చు. దూరదర్శిని గొట్టానికే బిగించి ఉంటుంది కనుక గొట్టం మార్చినప్పుడల్లా గురి మళ్ళీ మొదటినుంచి సరిచూసుకునే పని పెద్దగా ఉండదు. ఈ ఒక్క సుగుణం కోసమే దీన్ని కొంటారనిపించింది నాకు.

1998లో అదే కంపెనీ ఎన్‌కోర్ అని ఇంకా దిట్టమైనది తెచ్చింది. 308, 30-06 వంటి బలమైన తూటాలకు అది తట్టుకుంటుంది, కంటెండర్ తట్టుకోదు. ఒకదాని గొట్టాలు రెండోదానికి పట్టవు. కొనేవాడు మొదట తేల్చుకోవలసింది ఇదే. మనవడి మనసు ఎన్‌కోర్ మీద ఉంది. "ఒరే, నువ్వు కాల్చేది అడవి పందినా, ఏనుగునా?" అని అడిగాను. పిస్తోలుతో వందగజాల లోపు వేటకు అంత మందు దండగ. చేయి అదురుతుంది, చెవి దిబ్బడ పడుతుంది, అదురుకు భయపడ్డ చేయి మీట లాగేముందే ముడుచుకుంటుంది. గురి తప్పేది అక్కడే.

కాబట్టి కంటెండరే చాలన్నాను. రెండు గొట్టాలు చాలు. మొదటిది 22 బోరు, పది అంగుళాలది. తూటా చవక, అదురు లేదు, ఏడాదంతా సాధన చేయవచ్చు. దానితో జింకను కొట్టరాదు, టెక్సాస్ నిబంధనలు ఆ రకం తూటాను జింక వేటకు ఒప్పవు. రెండోది 30-30, పద్నాలుగు అంగుళాలది. 45-70 గొట్టం కూడా కావాలని వాడి ఆశ. ఆ తూటా 1873 నాటి అమెరికా సైన్యపు రైఫిలుది, చేతి మణికట్టుకు చేసినది కాదు. దూరదర్శిని మాత్రం పిస్తోలుకని చేసినదే కొనాలి. రైఫిలుది బిగిస్తే చేయి చాచినప్పుడు ఏమీ కనబడదు, కనబడాలని కంటి దగ్గరకు తెచ్చుకుంటే కనుబొమ చిట్లుతుంది. ఇంకొక మాట. 2021లో అప్పటి యజమానులు కంపెనీని అమ్మకానికి పెట్టారు, 2024లో చేతులు మారింది. వాడిన గొట్టాలే ఎక్కువ దొరుకుతాయి కనుక లోపల తుప్పు చూడకుండా డబ్బు ఇవ్వవద్దన్నాను.

ఇక చట్టం. ఇక్కడ నాకు ప్రాణం లేచివచ్చింది. పిస్తోలు పిడి తీసి భుజానికి ఆనించే రైఫిలు చెక్క తగిలిస్తే, అక్కడ గొట్టం పదహారు అంగుళాలకు తగ్గరాదు. తగ్గితే ముందే ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. 1934 నాటి చట్టం అది. ఈ కంపెనీయే గొట్టాలు, చెక్క కలిపి ఒకే పెట్టెలో అమ్మితే, ఆ పెట్టె పొట్టి రైఫిలు కిందకు వస్తుందా రాదా అన్న తగవు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1992లో కంపెనీ గెలిచింది. ఒక చెక్క మీద, ఒక గొట్టం మీద అంత చర్చ! ఆ తీర్పు గురించి చదువుతుంటే నాకు నా పాత సీటు గుర్తుకొచ్చింది.

ఆ రోజుల్లో ఒక పాత జమీందారీ కుటుంబం వారసుడు తండ్రిగారి వేట తుపాకి పట్టుకొచ్చారు. తోలు పెట్టెలో ఒకే తుపాకికి రెండు జతల గొట్టాలు. లైసెన్సులో ఒక జతే రాసి ఉంది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట ముగిసిపోయింది, పెట్టె మాత్రం అటక మీద మిగిలింది. చట్టంలో ఆయుధం అంటే దాని భాగాలు కూడా. రెండో జతకు అనుమతి ఏదని అడిగితే ఆ పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఫైలు మూడేళ్ళు తిరిగింది, అందులో ఏడాది నా బల్ల మీదే. ఒప్పుకోవాలి కదా.

అందుకే మనవడు "ఉద్యోగం మారి హైదరాబాదు వస్తే దాన్ని తెచ్చుకుంటా తాతా" అన్నప్పుడు గట్టిగా వద్దన్నాను. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకు మించరాదు. పైగా ఆరో సెక్షనులో కొత్త మాటలు చేరాయి. ఒక తరగతి ఆయుధాన్ని మరో తరగతిగా మార్చడానికి లైసెన్సు కావాలి. పిస్తోలును పూటకో రకంగా మార్చడమే ఈ వస్తువు గొప్ప. ఇక్కడ ఆ గొప్పే నేరమై కూర్చుంటుంది. వేట ఎలాగూ లేదు. పంటలు పాడుచేసే అడవి పందుల్ని కూడా అటవీ శాఖ అనుమతి లేకుండా కాల్చరాదు.

అక్కడ ఉన్న మన పిల్లలకూ ఒక హెచ్చరిక. మా వాడు ఆ దేశ పౌరుడు. హెచ్-1బి మీద ఉన్నవారు వేట లైసెన్సువంటి మినహాయింపు లేనిదే తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోరాదు. స్నేహితుడు రేంజికి పిలిచాడని సరదాగా పట్టుకోవడం వీసాకే ఎసరు. సందర్శకుల వీసా మీద వెళ్ళిన మనకూ అంతే. మనవడు కాలుస్తుంటే నేను చెవులకు మఫ్లు పెట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్నాను. పట్టుకోనివ్వమని వాణ్ణి అడగనూ లేదు.

అసలు ఈ ప్రసంగానికి కారణం ఇప్పుడు చెబుతాను. తిరుగు ప్రయాణానికి సామాను ఎక్కువై మనవడి భుజం సంచి అడిగి తీసుకున్నాం. బయలుదేరే ముందు రాత్రి మా ఆవిడ మందుల డబ్బా పెట్టబోయి పక్క జేబులో చేయి పెట్టింది. "ఏమండీ, ఇదేదో లిప్‌స్టిక్‌లా ఉంది, ఎవరిదండీ?" అని నా చేతిలో పెట్టింది. 30-30 తూటా. కాల్చనిది. వాడు ఆ సంచినే రేంజికి తీసుకెళ్ళేవాడు.

నాకు ఒళ్ళు చల్లబడింది. అది శంషాబాదులో స్కానరుకు కనబడి ఉంటే? లైసెన్సు లేని తూటాకు 2019 సవరణ ప్రకారం రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా శిక్ష. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లో గుణవంత్‌లాల్ కేసులో చెప్పింది, మరచిపోయిన ఒక్క తూటా కేసుల్ని హైకోర్టులు కొట్టివేసిన సందర్భాలూ ఉన్నాయి. కాని కొట్టివేసేదాకా పాస్‌పోర్టు, వకీలు, వాయిదాలు. డెబ్బై దాటిన వాళ్ళం, మనకు ఏడాదికోసారి జీవన ప్రమాణ పత్రం ఇవ్వడమే ఓ యాత్ర.

మనవణ్ణి నిద్ర లేపాను. వాడు మొహం వేలాడేసి తూటా తీసుకెళ్ళి ఇనప్పెట్టెలో పెట్టాడు. మా ఆవిడ ఇంకో మాట లేకుండా సంచిని దుప్పటి మీద బోర్లించి, ఏడు జేబులూ తిరగేసి, కుట్లు తడిమి చూసింది. పదకొండేళ్ళు లైసెన్సుల సీటులో ఉన్న నాకు ఆ పని తోచలేదు. చివరికి ఆ సంచి అక్కడే వదిలేసి, మామిడికాయ పచ్చడి తెచ్చుకున్న పాత గోనె సంచీలో మందులు కట్టుకుని వచ్చాం.

మనవడు రెండు గొట్టాలతోనే ఉన్నాడు. 45-70 సంగతి మొన్న మళ్ళీ ఎత్తాడు. వచ్చే దసరాకు చూద్దామన్నాను. ఎవరికైనా తాతల నాటి తుపాకి ఇంట్లో ఉండి కాగితాలు లేకపోతే టీ దగ్గర నన్ను పక్కకు పిలవండి, ఇక్కడ అందరిముందు చెప్పవద్దు.