కంచె పడని ఊరు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం ఇంగ్లండ్‌లోని ఒక పల్లెటూరి గురించి మాట్లాడుకుందాం. మనల్ని ఏలిన దేశపు ఊరితో మనకేం పని అంటారేమో. అక్కడి చిన్న రైతు కూడా భూమి పోగొట్టుకున్నవాడే. 1604 నుంచి 1914 వరకు ఆ దేశ పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి, సుమారు 68 లక్షల ఎకరాల ఉమ్మడి పొలాలకు, మేత బీళ్లకు కంచెలు వేయించింది. కంచె పడ్డాక ఆవును మేపుకునే చోటు పోయింది. చాలామంది కూలీలుగా మారారు, మిల్లుల పట్టణాలకు వలసపోయారు.

ఆ కంచె పూర్తిగా పడని ఊరు నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్. ఊరికి ఉత్తరాన పాత కోట మట్టిదిబ్బ ఉంది. నడుమ సెయింట్ మైకేల్ చర్చి, దానికి దగ్గర్లో డవ్‌కోట్ అనే సత్రం ఉన్నాయి. రైతుల ఇళ్లు మన ఊళ్లలో లాగే వీధి వెంట ఉంటాయి, పొలాలు ఊరి చుట్టూ ఉంటాయి. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలో ప్రతి చెక్కా, దాన్ని సాగు చేసే మనిషి పేరుతో సహా కనబడుతుంది.

పడమటి చేను, దక్షిణపు చేను, మిల్లు చేను అని మూడు పెద్ద చేలున్నాయి. ఒక్కో రైతుకు మూడింటిలోనూ విడివిడిగా చెక్కలుంటాయి. మంచి నేలైనా చెడ్డ నేలైనా అందరికీ వాటా వస్తుంది. ఒక ఏడు గోధుమ, మరుసటి ఏడు వసంతకాలపు పైరు, మూడో ఏడు పడావు. ఎవరి ఇష్టానికి వారు పంట మార్చడానికి వీల్లేదు.

ఈ కట్టుబాటును నిలబెట్టేది కోర్ట్ లీట్. ఒకప్పుడది జమీందారీ కచేరీ. ఏటా నవంబరు చివర్లో రైతుల జ్యూరీ గోధుమ చేనంతా తిరిగి చూస్తుంది. హద్దులకు గూటాలు పాతుతుంది. ఉమ్మడి బాటలోకో, గడ్డి బీట్లోకో నాగలి జరిపినవాడి పేరు రాసుకుంటుంది. తర్వాత కోర్టు కూర్చుని జరిమానా వేస్తుంది. తప్పు పట్టేదీ, తప్పు చేస్తే కట్టేదీ రైతులే.

ఒక మాట మరవొద్దు. ఆ రైతులు కౌలుదారులే. ఎస్టేటు చేతులు మారుతున్నప్పుడు ఈ పద్ధతి పోకూడదని 1952లో ప్రభుత్వ వ్యవసాయ శాఖే ఆ భూమిని కొన్నది. 1981లో అది క్రౌన్ ఎస్టేటుకు, 2020లో థోర్స్‌బీ ఎస్టేటుకు చేరింది. యజమాని మారినా జ్యూరీ పోలేదు.

మిత్రులారా, జమీందారు కచేరీని పొగడడానికి ఇదంతా చెప్పడం లేదు. ఉమ్మడి భూమి వాడుకునేవాళ్ల కాపలా ఉంటేనే నిలుస్తుంది. మన ఊళ్లలో బండ్లబాట, చెరువు శిఖం, మేత పోరంబోకు ఎంత మిగిలాయో మనకు తెలుసు. రికార్డు రెవెన్యూ ఆఫీసులో ఉంటుంది, ఆక్రమణ పొలంలో జరుగుతుంది. అందుకే ఏడాదికొక్కసారైనా ఊరంతా కలిసి హద్దులు తిరిగి చూద్దాం. ఆ తిరిగేవాళ్లలో పట్టాదారుతో పాటు కౌలు రైతు, గొర్రెల కాపరి కూడా ఉండాలి. చూసింది రాసి, గ్రామసభలో చదివి, తీర్మానం చేయిద్దాం.