చీరలు కొనబోయిన ఆదివారం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అధ్యక్షులవారు నన్ను ‘ఇంజనీరుగా మీ అనుభవాలు’ చెప్పమన్నారు. ముప్పై ఏళ్లు గేర్లూ బేరింగులూ గీసినవాడి అనుభవాలు వింటే మీకు భోజనానికి ముందే నిద్ర వస్తుంది. అందుకని పోయిన నెల ఒక ఆదివారం సంగతి చెబుతాను. దాంట్లో కొంచెం నా ఉద్యోగం కూడా ఉంది.

ఈ రోజు సన్మానం అందుకున్న మన టీచరమ్మలకు ఆరు ధర్మవరం పట్టుచీరలు కొనే పని కమిటీ నాకు అప్పగించింది. బెంగళూరులో ఒక దుకాణంలో మన బడ్జెట్‌కు సరిపోయే చీర చూసి, ‘చేనేతే సార్’ అన్న మాట నమ్మి, ఒకటి నమూనాగా కొన్నాను. మిగతా ఐదూ ధర్మవరంలోనే అదే ధరకు దొరుకుతాయేమో చూద్దామని ఇద్దరు క్లాస్‌మేట్లతో కలిసి బయలుదేరాను. పని ఒక గంటది. రోజంతా తిరిగాం.

పొద్దున హిందూపురంలో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. బొరుగులు నానబెట్టి పిండి, పుట్నాల పొడి చల్లి చేసే ఈ పదార్థం గురించి కోస్తా మిత్రులకు చెబితే ‘అటుకుల ఉప్మానా?’ అంటారు. కాదని వాదించడం మానేసి చాలా ఏళ్లయింది. హోటల్లో పక్క బల్ల దగ్గర ఒకాయన కన్నడంలో కాఫీ అడిగాడు, సర్వరు తెలుగులో తెచ్చిచ్చాడు, డబ్బులు ఉర్దూలో లెక్కపెట్టుకున్నారు. మన ఊరు మారలేదు.

రాజకీయాలూ మారలేదు. ‘జిల్లా కేంద్రం మనకే రావల్సిండె’ అని ఒకాయన మొదలుపెట్టాడు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడినప్పటి మంట అది, ఇంకా చల్లారలేదు. ఇంకొకాయన ‘పార్లమెంటు నియోజకవర్గానికి మన పేరుంది గదప్పా’ అని ఓదార్చాడు. 1985లో ఎన్టీఆర్ ఇక్కడ పోటీ చేసినప్పుడు మేం తొమ్మిదో తరగతి. బడి ఎగ్గొట్టి ప్రచార రథం చూడబోయి, మరుసటి రోజు లెక్కల సారు చేతిలో ఏం తిన్నామో ఇక్కడున్న వాళ్లకు తెలుసు. ఆయన 85, 89, 94లలో మూడుసార్లు ఇక్కడ గెలిచారు. 1983 నుంచి ఇప్పటిదాకా ఈ ఊరు ఇంకో పార్టీని అసెంబ్లీకి పంపలేదు. దాన్ని నిబ్బరమనాలా, అలవాటనాలా అని మా ముగ్గురిలోనే మూడు అభిప్రాయాలొచ్చాయి.

పెనుకొండ దారిలో ఎర్రమంచి దగ్గర కారు ఆపాం. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తే అక్కడ రాళ్లు, వేరుశెనగ చేలు. ఇప్పుడు కియా ఫ్యాక్టరీ. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 ఆగస్టుకు కారు మార్కెట్లో ఉంది. అంత పెద్ద ప్లాంటు రెండేళ్లలో లేపడం ఎంత పనో వృత్తిరీత్యా నాకు తెలుసు కాబట్టి మెచ్చుకోకుండా ఉండలేను. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే సామర్థ్యం. నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి, అంటే హంద్రీ-నీవా కాలువలో అంత దూరం వచ్చిన శ్రీశైలం కృష్ణ నీళ్లు. హైవే పక్కన హోటళ్లకు కొరియా లిపిలో బోర్డులు. ఒకదాంట్లోకి పోదామన్నాను. మావాడు ‘మధ్యాహ్నం సంగటి ఉండాది, కడుపు పాడు చేసుకోవద్దు’ అన్నాడు.

పెనుకొండలో గగన్ మహల్ చూసి, బాబయ్య దర్గాలో కాసేపు కూర్చున్నాం. 1565 యుద్ధంలో ఓడాక తిరుమలరాయలు హంపి వదిలి రాజధానిని ఈ కొండ కిందికే తెచ్చుకున్నాడు. సోషల్ పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. అక్కడ ఎండలో నిలబడ్డాక గానీ, ఓడిపోయి ఊరు మారిన జనం గురించి నేనెప్పుడూ ఆలోచించలేదని తట్టలేదు.

ధర్మవరంలో మా నాలుగో క్లాస్‌మేటు ఇంటికి చేరేసరికి రెండు. వీడు అవ్వ దగ్గర ఉండి మన బడిలో పదో తరగతి దాకా చదివాడు. లెక్కల్లో నాకంటే ఎప్పుడూ ముందే. వాళ్ల నాయనకు జబ్బు చేస్తే మగ్గం గుంటలోకి దిగాడు. నేను ఇంజనీరింగుకు పోయాను. రాగి సంగటి, శెనక్కాయల చట్నీ, చారు పెట్టారు. ముద్ద మింగాలి గానీ నమలకూడదన్న సంగతి నా పట్నపు పళ్లు మర్చిపోయాయి.

తిన్నాక సంచిలోంచి నమూనా చీర తీసి, ‘ఈ ధరకు ఐదు నేసిస్తావా?’ అన్నాను. వాడు చీర ముట్టుకోలేదు. వాళ్లావిడ తీసుకుని, వెనక్కి తిప్పి, అంచు మీద వేలితో రాసి చూసి, మెల్లగా ‘ఇది కరెంటు మగ్గమన్నా’ అంది.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను చేరిన మొదటి ఆరేళ్లూ చేసిన పని మరమగ్గాల గేర్లు గీయడం. ఆ చీర చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాను. పేక పోగుల మధ్య ఎడం మొదటి నుంచి చివరిదాకా గీత గీసినట్టు ఒకేలా ఉంది. అది అలా ఉండడం కోసమే మేం రాత్రీ పగలూ తలలు బద్దలు కొట్టుకున్నాం. చేతి నేతలో పొద్దుటి దెబ్బకూ సాయంత్రం దెబ్బకూ తేడా ఉంటుంది. గుర్తుపట్టాల్సినవాణ్ణి నేను. ధర చూసి ఆగిపోయాను, చీర చూడలేదు.

వాడికి ఒకప్పుడు ఐదు మగ్గాలుండేవి, ఇప్పుడు రెండు. ఒకటి వాడిది, ఇంకొకటి వాళ్లావిడది. చేనేతకే కేటాయించిన 11 రకాల బట్టల్లో చీర ఒకటి, ఆ చట్టం వచ్చిందీ 1985లోనే. ‘చట్టం మంచిదేరా, దాన్ని చదివినోళ్లే తక్కువ’ అన్నాడు. 2019 డిసెంబరులో మగ్గం ఉన్న ఇంటికి ఏడాదికి రూ. 24,000 ఇచ్చే పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి ధర్మవరంలోనే మొదలుపెట్టారు. ‘ఆ డబ్బుతో పట్టు కొన్న. అబద్ధం చెప్పను. కానీ పక్కనే ఆ చీర సగానికమ్ముతాంటే?’ 2024లో ధర్మవరం ఎమ్మెల్యే మారింది 3,734 ఓట్ల తేడాతో. ‘మా నేతోళ్ల వీధులు రెండు అటూ ఇటూ అయితే చాలు. అందుకే ఓట్లప్పుడు అందరూ మగ్గం పక్కన ఫోటో దిగతారు’ అని నవ్వాడు.

కొడుకు ఇంట్లో లేడు. కారు విడిభాగాల కంపెనీలో కాంట్రాక్టు పని, ఆదివారం కూడా షిఫ్టు. ‘పర్మనెంట్ చేస్తారా రా? నువ్వు ఇంజనీరువి గదా, చెప్పు’ అని అడిగాడు. నాకు తెలిసినంతవరకు నిజమే చెప్పాను. కొందర్ని చేస్తారు, చాలామందిని చెయ్యరు. ‘మగ్గం నేర్పియ్యనా, వద్దా?’ అన్నాడు. దానికి జవాబు చెప్పలేకపోయాను. మావాళ్లిద్దరూ చూరు వంక చూస్తున్నారు.

వాడు చెప్పిన ధరకు ఆరు చీరలూ వాడి దగ్గరే తీసుకున్నాం. నాలుగు తయారుగా ఉన్నాయి, రెండు ఇంకా మగ్గం మీదున్నాయి. అవి రెండూ మొన్న శుక్రవారం దిగాయి. మన బడ్జెట్ కంటే చాలా ఎక్కువైంది. పొద్దుట్నుంచి హాలు బయట ఫ్లెక్సీలు ఎందుకు లేవని చాలామంది అడుగుతున్నారు, అదీ సంగతి. నమూనాగా తెచ్చిన చీర నా ఖర్చులో రాసుకున్నాను. అది మా ఇంట్లోనే ఉంది.

టీచరమ్మలూ, మీ చీర మడతలో ఒక చీటీ ఉంటుంది. దాని మీద ఉన్నది నేసినవాళ్ల పేర్లు, భార్యాభర్తలిద్దరివీ. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి మైకులో చెప్పను. మూడో వరసలో చివర కూర్చుని తల వంచుకున్నది వాడే. భోజనాల దగ్గర పలకరించండి, లెక్కల సారూ, మీరు ముఖ్యంగా.